పోడియం దగ్గర అరిచిన మాట కుర్చీ దాకా వస్తుంది

పాఠకుల ప్రశ్నలు, ఒక మాజీ కౌన్సిలర్ జవాబులు

పోయిన సంచికలో ఈ పేజీలో ఒక మాట రాశాను. సభను నడవనీయకుండా చేసి అధికారంలోకి వచ్చినవాళ్లు, వచ్చాక ఆ సభ దగ్గరే ఇబ్బంది పడతారని. దానికి ఎప్పుడూ రానన్ని ఉత్తరాలు వచ్చాయి. సగం కోపంగా ఉన్నాయి. కడపలో బ్రౌన్ లైబ్రరీకి దగ్గర్లోనే మా ఇల్లు. సాయంత్రాలు వరండాలో కూర్చుని అన్నీ చదివాను. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

పార్లమెంటులో రోజుల తరబడి సభను ఆపినవాళ్లే తర్వాత గెలుస్తున్నారు కదా మేడమ్. జనం వాళ్లను శిక్షించడం లేదు. మరి ఎదురు తిరిగేది ఎక్కడ?
– డిగ్రీ విద్యార్థి, ఆదోని

నాయనా, జనం శిక్షించరన్న మాట నిజం. రెండు ఎన్నికల్లో గడప గడపకూ తిరిగాను. ఎవరు ఎన్నిసార్లు సభ ఆపారో లెక్క చూసి ఓటేస్తామన్న మనిషి నాకు ఒక్కరూ కనబడలేదు. దెబ్బ తగిలేది ఓటు దగ్గర కాదు. గెలిచాక, పెద్ద బిల్లు ఒకటి చేతిలోకి తీసుకున్న రోజు తగులుతుంది.

జీఎస్టీ సంగతి చూడు. 2011 మార్చిలో యూపీఏ ప్రభుత్వం దానికోసం 115వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది. బీజేపీ పాలనలో ఉన్న గుజరాత్, మధ్యప్రదేశ్ గట్టిగా ఎదురు నిలిచాయి. సరుకు తయారయ్యే రాష్ట్రానికి పన్ను రాబడి పోతుంది, ఆ నష్టం ఎవరు పూడుస్తారని గుజరాత్ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి కూర్చుని జవాబు వెతికే వాతావరణం ఆ సభలో లేదు. 2010 శీతాకాల సమావేశాలు 2జీ స్పెక్ట్రం కుంభకోణం మీద జేపీసీ, అంటే రెండు సభల ఉమ్మడి విచారణ కమిటీ, వేయాలన్న ప్రతిపక్షాల పట్టుతో దాదాపు మొత్తం పోయాయి. ఆ పదిహేనో లోక్‌సభ ఐదేళ్లలో తనకున్న సమయంలో 61 శాతమే పనిచేసింది. 2014లో లోక్‌సభ గడువు ముగియడంతో ఆ బిల్లు కూడా మురిగిపోయింది.

అదే ఏడాది డిసెంబరులో బీజేపీ ప్రభుత్వం అదే జీఎస్టీని 122వ సవరణ బిల్లుగా తెచ్చింది. 2015 మేలో లోక్‌సభ దాటింది. రాజ్యసభలో వాళ్లకు బలం లేదు. ఈసారి కాంగ్రెస్ అడ్డం తిరిగింది. పన్ను 18 శాతం దాటకూడదని రాజ్యాంగంలోనే రాయమంది, రాష్ట్రాల మధ్య సరుకు రవాణా మీద పెట్టిన అదనపు ఒక్క శాతం తీసేయమంది. 2016 ఆగస్టు 3న గానీ రాజ్యసభ ఒప్పుకోలేదు. అమల్లోకి వచ్చేసరికి 2017 జూలై 1. రాష్ట్రాలకు నష్టం వస్తే ఐదేళ్లపాటు, ఏటా 14 శాతం రాబడి పెరిగినట్టు లెక్కగట్టి పరిహారం ఇస్తామని చట్టంలో రాశారు. నష్టం ఎవరు పూడుస్తారని గుజరాత్ అడిగింది ఇలాంటి హామీ కోసమే. 2011లోనే పట్టుబట్టి ఆ హామీ సాధించి ఉంటే, గెలిచిన పార్టీకి ఆ మూడేళ్లు మిగిలేవి.

ఇంకొకటి. 2012లో సభ జరగకుండా ఆపినప్పుడు సుష్మా స్వరాజ్ గారు, పార్లమెంటును నడవనీయకపోవడం కూడా ప్రజాస్వామ్యంలో ఒక రూపమేనని అన్నారు. ఆమె మంచి వక్త, సభ విలువ తెలిసిన మనిషి. నాకు ఆమె అంటే గౌరవం. 2015 వర్షాకాల సమావేశాల్లో ఐపీఎల్ క్రికెట్ మాజీ అధిపతి లలిత్ మోదీ వ్యవహారంలో ఆమే రాజీనామా చేయాలని కాంగ్రెస్ సభను ఆపేసింది. బీజేపీ వాళ్లు తప్పు అన్నప్పుడల్లా ఆ 2012 మాటే తిరిగి వినిపించింది. స్పీకర్ సుమిత్రా మహాజన్ 25 మంది కాంగ్రెస్ సభ్యులను ఐదు రోజులు సస్పెండ్ చేసినా ఆ సమావేశాలు గాడిన పడలేదు. నిన్న నువ్వు హక్కు అన్నదాన్ని ఈరోజు నువ్వే తప్పంటే వినేవాడు ఉండడు నాయనా.

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడ టోనీ అబాట్ అనే ఆయన ప్రతిపక్షంలో పులి, ప్రధానిగా రెండేళ్లు కూడా నిలవలేదు అని చెప్పాడు. అది ఎలా జరిగింది?
– బట్టల వ్యాపారి, ప్రొద్దుటూరు

అవును, రెండేళ్లకు కొద్ది రోజులు తక్కువ. మీ అబ్బాయి చెప్పిన విషయం సరైనదే. ఈ సంగతి అర్థం కావడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2010 ఆగస్టు ఎన్నికల్లో ఆస్ట్రేలియాలో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండు వైపులా 72 చొప్పున. లేబర్ పార్టీ నాయకురాలు జూలియా గిలార్డ్ స్వతంత్రులను, గ్రీన్స్ అనే చిన్న పార్టీని కలుపుకుని ప్రభుత్వం నడిపారు. ఎదురుగా అబాట్. ఒక్క మనిషి జారినా పడిపోయే ప్రభుత్వం కాబట్టి, తరచూ ప్రశ్నోత్తరాల సమయంలో సభా నియమాలు పక్కన పెట్టాలని తీర్మానం పెట్టడం, ప్రతిదానికీ కాదనడం ఆయన పద్ధతి. ముఖ్యంగా రెండు విషయాలు పట్టుకున్నారు. ఒకటి, కార్బన్ పన్ను వేయనని చెప్పి వేశారు, గిలార్డ్ మాట తప్పారు అని. రెండు, దేశం అప్పుల్లో మునిగిపోతోంది అని.

2013 సెప్టెంబరులో 150 సీట్లలో 90 గెలిచారు. ఎన్నికల ముందురోజు రాత్రి టీవీలో విద్యకు కోత లేదు, వైద్యానికి కోత లేదు, పెన్షన్లలో మార్పు లేదు, ప్రభుత్వ ప్రసార సంస్థలకు కోత లేదు అని వరుసగా చెప్పారు. గెలిచిన కొద్ది వారాలకే ఆయన ఆర్థిక మంత్రి అప్పుల పరిమితిని 300 బిలియన్ డాలర్ల నుంచి 500 బిలియన్లకు పెంచమని పార్లమెంటును అడగాల్సి వచ్చింది. లేబర్ పార్టీ ఒప్పుకోలేదు. చివరికి తాము రోజూ తిట్టిన గ్రీన్స్‌తో ఒప్పందం చేసుకుని ఆ పరిమితినే ఎత్తేశారు. మీరు వ్యాపారస్తులు, ఇది మీకు నాకంటే బాగా తెలుస్తుంది. పక్క కొట్టువాడి అప్పుల గురించి బజారంతా చెప్పినవాడు, మరుసటి నెల తానే అప్పు కోసం తిరిగితే ఎవరు ఇస్తారు?

2014 మే బడ్జెట్‌లో డాక్టరు దగ్గరకు వెళ్తే ఏడు డాలర్లు కట్టాలన్నారు, పెన్షన్ల పెంపు లెక్క మారుస్తామన్నారు, ప్రసార సంస్థలకు కోత పెట్టారు. మాట తప్పడం ఎంత పెద్ద నేరమో మూడేళ్లు జనానికి నేర్పింది ఆయనే కదా. ఎగువ సభ సెనేట్‌లో ఆయనకు బలం లేదు. ఆ ఏడు డాలర్ల రుసుము 2015 మార్చికి పూర్తిగా వదిలేశారు. సెప్టెంబరు 14న సొంత పార్టీవాళ్లే 54–44తో దించేసి మాల్కం టర్న్‌బుల్‌ను ఎన్నుకున్నారు. కార్బన్ పన్ను రద్దు మాత్రం 2014 జూలైలో చేసి చూపించారు, అది ఒప్పుకోవాలి. తీసేయడం ఆయనకు వచ్చింది. కట్టడం దగ్గరే ఆగిపోయారు.

అమెరికాలో రిపబ్లికన్లదీ ఇదే కథ. ఒబామా ఆరోగ్య చట్టాన్ని రద్దు చేయాలని ప్రతిపక్షంలో ఉండగా పదుల సార్లు ఓటు వేశారు. అధ్యక్ష పదవి, రెండు సభలూ చేతికొచ్చాక, 2017 జూలై 28 తెల్లవారుజామున, తమ సెనేటర్లే ముగ్గురు ఎదురు తిరగడంతో 49–51తో ఓడిపోయారు. ఏడేళ్లలో దాని బదులు ఏం పెట్టాలో తయారు చేసుకోలేదు.

అక్కా, ఖాళీ బిందెలతో మునిసిపల్ ఆఫీసు ముందు ధర్నా చేసినప్పుడు మీ వెనకాలే నేనూ ఉన్నా. కౌన్సిల్‌ను నాలుగు నెలలు నడవనీయలేదు మీరు. ఇప్పుడు పత్రికలో వేరే మాట రాస్తే ఎట్లా?
– మీ పాత వార్డు మనిషి

నీ చేతిరాత గుర్తుపట్టాను తల్లీ. నువ్వు అడగకపోయినా ఒకరోజు ఇది రాయాలనే అనుకున్నాను. అందుకే దీనికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

చదివేవాళ్లకు ముందు సంగతి చెప్పాలి. మాది ఈ జిల్లాలోనే పెన్నకు ఆరేడు మైళ్ల దూరంలో ఉన్న ఊరు. మహిళలకు రిజర్వైన వార్డు నుంచి నేను రెండుసార్లు కౌన్సిలర్‌గా గెలిచాను. మొదటి ఐదేళ్లు మా పార్టీ ప్రతిపక్షం, తర్వాతి ఐదేళ్లు మాదే అధికారం. ఏ పార్టీ అన్నది ఇక్కడ అవసరం లేదు. ఏ పార్టీ అయినా కథ మారేది కాదు.

ఆ రోజుల్లో మాకు నాలుగు రోజులకోసారి, నలభై నిమిషాలు నీళ్లు వచ్చేవి. బోర్లు ఎండిపోయాయి. పెన్న ఇసుకలో బావి తవ్వి, అక్కడి నుంచి ట్యాంకు దాకా కొత్త పైపులైను వేయాలని పాలకపక్షం ఒక స్కీము తెచ్చింది. సగం డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది మునిసిపాలిటీ అప్పు తెచ్చుకోవాలి. ఆ అప్పు తీర్చడానికి కొళాయి పన్ను నెలకు ముప్పై నుంచి యాభై రూపాయలు చేయాలి. మేము పట్టుకున్నది ఆ ఇరవై రూపాయలను.

ఇరవై ఎనిమిది మందిలో మేము పదకొండు మందిమి. ఓటింగ్ పెడితే ఓడిపోతాం. అందుకని ఓటింగ్ దాకా రానీయలేదు. చైర్మన్ కుర్చీ చుట్టూ కూర్చున్నాం. ఎజెండా కాగితాలు చింపాం. బయట మీరంతా ఖాళీ బిందెలు కొడుతుంటే లోపల ఎవరి మాటా ఎవరికీ వినబడేది కాదు. నాలుగు సమావేశాలు వాయిదా పడ్డాయి. మార్చి 31 దాటింది, నిధులు మురిగిపోయాయి. ఆ రోజు సాయంత్రం మా వీధిలో టపాకాయలు కాల్చారు, నాకు దండ వేశారు. నేనూ సంతోషపడ్డాను. అది నేను దాచను.

నీకు గుర్తుందో లేదో, మెట్ల మీద నిలబడి నేనొక మాట అన్నాను. "ముప్పై రూపాయల పైన ఒక్క పైసా కట్టొద్దండి, నోటీసులొస్తే నా దగ్గరికి తీసుకు రండి" అని.

తర్వాత మేము గెలిచాం. నేను వైస్ చైర్‌పర్సన్ అయ్యాను. నీళ్లు మాత్రం అదే నాలుగు రోజులకోసారి. మొదటి ఎండాకాలంలోనే ఆ స్కీము ఫైలు మళ్లీ తీయించాం. అంచనా దాదాపు రెట్టింపైంది. ఈసారి కొళాయి పన్ను ఎనభై చేస్తే గానీ అప్పు తీరదు. మొదటి సమావేశంలో ఎదురుపక్షం సభ్యుడొకరు ఎనిమిది అంగుళాల పైపు ఎందుకు, ఆరు అంగుళాలది చాలదా అని అడిగారు. నాకు జవాబు తెలియదు. ఐదేళ్లు ఆ స్కీమును అడ్డుకున్నాను గానీ, దాని రిపోర్టు ఒక్క రోజు కూడా తెరిచి చదవలేదు. తెరవాల్సిన అవసరం నాకు రాలేదు, అరవడానికి అది అక్కర్లేదు కాబట్టి. అదే నాలుగు సమావేశాల్లో కూర్చుని, పైపు సైజు ఎంత, మోటారు ఎంత, కరెంటు బిల్లు ఎవరు కడతారు అని నేను ప్రశ్నలు వేసి ఉంటే, ఆ రోజు ఆ కుర్చీలో నాకు నోరు పెగిలేది.

ఇంజనీరు తెచ్చిన నోట్ కూడా ఆరు లైన్లే ఉంది. ఇదేమిటని అడిగితే ఆయన కోపం లేకుండానే చెప్పారు. "పోయినసారి నలభై పేజీలు రాసినాం మేడమ్. మీరే చింపినారు" అని.

రెండో సమావేశానికి వాళ్లు బిందెలు తెచ్చారు. మినిట్స్ పుస్తకం తెప్పించి, పాత సమావేశాల్లో నేనన్న మాటలు ఒక్కొక్కటే చదివారు. అది తట్టుకోగలిగాను. రాజకీయం అంటే అంతే, అత్తకొక కాలం కోడలికొక కాలం అనుకున్నాను. తట్టుకోలేనిది వేరే. ఆ గుంపులో మన వీధి చివర ఉండే అవ్వ ఉంది. మన ధర్నాకు ఇత్తడి బిందె పట్టుకుని మొట్టమొదట వచ్చింది ఆమే. తిన్నగా లోపలికి వచ్చి నా టేబుల్ మీద ఆ బిందె పెట్టింది. "నువ్వే చెప్పినావు గదమ్మా, ముప్పై దాటితే కట్టొద్దని. నేను కట్టను" అంది. ఆమె ఏ పార్టీ మాటా మోసుకురాలేదు. నా మాట నమ్మింది, అంతే.

మూడో ఏడాదికి, పన్ను అరవై చేసి, పని రెండు విడతలుగా చేస్తామని ఒప్పించి తీర్మానం గట్టెక్కించాం. ఆఖరి ఎండాకాలంలో నీళ్లొచ్చాయి, రెండు రోజులకోసారి. మొదటిసారే ఒప్పుకుని ఉంటే ఏళ్ల ముందే వచ్చేవి. ఆ ఏళ్లలో ట్యాంకర్ల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ల మోచేతులకు అయిన గాయాలు నాకు తెలుసు, నీకూ తెలుసు. అవ్వ చివరిదాకా ముప్పై రూపాయలే కట్టింది. బకాయి నోటీసు మీద సంతకం నాదే. నోటీసు తీసుకుని, నేను మెట్ల మీద చెప్పినట్టే, నా దగ్గరికే వచ్చింది. ఆ బకాయి నేను కట్టాను, కానీ ఆమె మళ్లీ మా ఇంటికి రాలేదు.

అందుకే ఇప్పుడు వేరే మాట రాస్తున్నాను తల్లీ.

మన అసెంబ్లీని బహిష్కరించినవాళ్లు మాత్రం ముఖ్యమంత్రులయ్యారు కదా? దీనికేమంటారు? అలాగే శాసన మండలి గొడవలో మా కర్నూలు హైకోర్టు ఏమైందో మీకు తెలియనిది కాదు.
– రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

మీరు అడిగింది నా వాదానికి అన్నిటికంటే గట్టి ఎదురు ప్రశ్న సార్. తప్పించుకోను. తమ ఎమ్మెల్యేలు 23 మందిని తీసుకున్నారని, అందులో నలుగురిని మంత్రుల్ని చేశారని, 2017 నవంబరు నుంచి వైసీపీ సభకు వెళ్లలేదు. 2019లో 151 సీట్లు వచ్చాయి. 2021 నవంబరు 19న చంద్రబాబు గారు, సభలో తన కుటుంబం గురించి మాట్లాడారని, ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని సభ నుంచి వెళ్లిపోయారు. 2024లో అలాగే వచ్చారు. ఇద్దరికీ బాధ కలిగించిన కారణాలు ఉన్నాయి. ఫిరాయింపులు తప్పు. సభలో కుటుంబం గురించి మాట్లాడటం ఇంకా తప్పు. అయినా ఖాళీ బెంచీలను ఒకరి తర్వాత ఒకరు అలవాటు చేశారు. ఇప్పుడు 11 మంది ఉన్న వైసీపీ, ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంటోంది. 175లో పదో వంతు, అంటే 18 మంది ఉండాలన్నది అటువైపు జవాబు. 2019 జూన్‌లో, టీడీపీ నుంచి ఐదుగురిని లాగితే చంద్రబాబుకు ప్రతిపక్ష హోదా పోతుందని సభలో అన్నది జగన్ గారే. ఆ మాట ఆయనకే ఎదురొచ్చింది. నోరా వీపుకు చేటు తేకే అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మండలి సంగతి ఇంకా లోతైనది. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను మండలి చైర్మన్ షరీఫ్ గారు సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీకి, పంపుతామన్నారు. అక్కడ టీడీపీకి మెజారిటీ ఉంది. అది అడ్డుకోవడమే అని ప్రభుత్వం భావించి, ఐదు రోజుల్లో మండలినే రద్దు చేయాలని అసెంబ్లీలో తీర్మానం చేసింది. 1985లో ఎన్టీఆర్ కూడా కాంగ్రెస్ మెజారిటీ ఉన్న మండలిని ఇలాగే రద్దు చేయించారు. అది తిరిగి వచ్చింది 2007లో. ఈసారి కేంద్రం దగ్గర తీర్మానం ఆగింది. ఈలోపు మండలిలో వైసీపీ బలం పెరిగింది. 2021 నవంబరులో, అప్పటికి చట్టాలైన ఆ బిల్లులనూ, రద్దు తీర్మానాన్నీ ప్రభుత్వమే వెనక్కు తీసుకుంది. 2024 తర్వాత ఆ పార్టీ గొంతు గట్టిగా వినబడే చోటు ఆ మండలి ఒక్కటే. బొత్స సత్యనారాయణ గారు అక్కడ ప్రతిపక్ష నాయకుడు. ఆ రద్దు అమలై ఉంటే ఆ చోటు కూడా ఉండేది కాదు.

కర్నూలుకు హైకోర్టు, సీమ, కోస్తా నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటి ఆశ. నేను సీమ మనిషిని, నాకూ ఆ ఆశ ఉంది. సెలెక్ట్ కమిటీలో నాలుగు నెలలు కూర్చుని ఉంటే, రాజధాని సంగతి పక్కన పెట్టి, హైకోర్టు ముక్కను మాత్రం విడిగా పట్టాలెక్కించే దారి ఎవరో ఒకరు చెప్పి ఉండేవారని నేను నమ్ముతాను. అటువాళ్లకు ఆపడమే ముఖ్యమైంది, ఇటువాళ్లకు ఆపినవాళ్లను లేకుండా చేయడం ముఖ్యమైంది.

మీ ఊళ్లోనే ఇంకో పాత కథ ఉంది. రాజధానిగా ఉన్న కర్నూలులో 1954 నవంబరు 6న ప్రకాశం పంతులు గారి ప్రభుత్వాన్ని మద్యనిషేధం విషయంలో 69–68తో, ఒక్క ఓటు తేడాతో పడగొట్టారు. అన్నిటికంటే ఉత్సాహంగా ఉన్నది కమ్యూనిస్టులు. ఇక మేమే అనుకున్నారు. 1955 ఎన్నికల్లో 196 సీట్లలో వాళ్లకు వచ్చినవి 15. పడగొట్టేవాళ్లంతా ఒక్కటయ్యారు గానీ, తర్వాత ఏం కడతామో కలిసి చెప్పలేకపోయారు.

అయితే ప్రతిపక్షం నోరు మూసుకుని కూర్చోవాలా?
– అనంతపురం నుంచి ముగ్గురు, ధర్మవరం నుంచి ఒకరు

వద్దు. నేను ఆ మాట ఎక్కడా అనలేదు. ఎదురు చెప్పడం వేరు, నడవనీయకపోవడం వేరు.

2010లో అణు ప్రమాదాల నష్టపరిహారం బిల్లు వచ్చింది. పరికరం లోపం వల్ల ప్రమాదం జరిగితే సరఫరా చేసిన కంపెనీని కూడా బాధ్యుణ్ని చేయాలని బీజేపీ, వామపక్షాలు పట్టుబట్టాయి. భోపాల్ అందరి మనసులోనూ ఉంది. చట్టంలో 17(బి) సెక్షన్ అలా వచ్చింది. 2014 తర్వాత ఆ సెక్షనే బీజేపీ ప్రభుత్వానికి అడ్డమైంది. విదేశీ కంపెనీలు వెనకాడాయి, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా రియాక్టర్లు పెట్టాలన్న ప్రయత్నం ఏళ్ల తరబడి ముందుకు సాగలేదు. 2015లో 1500 కోట్ల బీమా నిధి పెట్టి సర్దుబాటు చేయాల్సి వచ్చింది. ఇదీ ఎదురు తిరగడమే కదా అంటారా? కాదు. అది సభలో వాదించి, అక్షరాల్లో పెట్టి, ఓటు వేసి సాధించిన పని. అధికారంలోకి వచ్చాక వాళ్లకు బరువైనా, పౌరుడికి దాని విలువ ఉండింది. మేము చింపిన ఎజెండా కాగితాల వల్ల ఎవరికీ ఏ హక్కూ రాలేదు.

ప్రత్యేక హోదా గురించి కూడా ధర్మవరం పాఠకుడు అడిగారు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ గారు ఐదేళ్లు అంటే, వెంకయ్య నాయుడు గారు పదేళ్లు కావాలన్నారు. కేంద్రంలో వాళ్ల ప్రభుత్వమే వచ్చాక 2016 సెప్టెంబరులో హోదా బదులు ప్యాకేజీ అన్నారు. 2018లో ఎంపీలతో రాజీనామాలు చేయించిన వైసీపీకి 2019లో 25కు 22 మంది ఎంపీలు వచ్చారు, హోదా రాలేదు. ఎక్కువ అడగడం తప్పు కాదు. ఇచ్చే చోట కూర్చున్నప్పుడు అదే అంకె మనల్ని అడుగుతుందని తెలిసి అడగాలి.

అక్కా, మా వార్డులో మొదటిసారి కౌన్సిలర్‌గా నిలబడాలనుకుంటున్నా. గెలిచినా మా వాళ్లు ప్రతిపక్షంలోనే ఉండేట్టున్నారు. మీరైతే మొదటి నెల ఏం చేస్తారు?
– గృహిణి, కదిరి

గెలిచి రామ్మా, ముందు అది.

మొదటి వారం వాల్వులు తిప్పే ఫిట్టర్‌ను పట్టుకో. ఏ వీధికి ఎన్ని నిమిషాలు నీళ్లు వదులుతున్నాడో ఆయనకు తెలిసినంత కమిషనర్‌కు కూడా తెలియదు. ఆయనతో పాటు రెండు తెల్లవారుజాములు తిరుగు. తర్వాత మీ ఊరి నీళ్ల స్కీము రిపోర్టు అడిగి తీసుకుని, అర్థం కాని మాట ఉన్న చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ గీతలే నీ మొదటి సమావేశంలో నీ ప్రశ్నలు. పన్ను పెంచుతామంటే వద్దని అరవకు. ఎంత వసూలవుతోంది, ఎంత బకాయి ఉంది, పెద్ద బకాయిదారులు ఎవరు అని అడుగు. అది విన్నాక కూడా పెంచడం అన్యాయం అనిపిస్తే, అసమ్మతి కాగితం మీద రాసి మినిట్స్‌లో చేర్పించు, ఎంతవరకు అయితే ఒప్పుకుంటావో ఆ అంకె కూడా రాయి. అంకె రాయకుండా సంతకం పెట్టకు. మీ పార్టీవాళ్లు పోడియం ఎక్కుదాం రమ్మంటారు. నీ సీట్లోనే కూర్చో. కోప్పడతారు, పడనీ.

మా పాత స్కీము రిపోర్టు, ఆ నలభై పేజీలదే, ఇంజనీరు గారి దగ్గర ఒక కాపీ మిగిలితే అప్పట్లో జిరాక్సు తీయించుకున్నాను. ఎనిమిది అంగుళాల పైపు ఎందుకో అందులో పదకొండో పేజీలో ఉంది. నీ చిరునామా రాయి, పంపిస్తాను.